సులోచన పుస్తకం, భూపతి పుస్తకం

మంచి చేయి మీద మొదలైన పని సాగుతుందని, చెడ్డ చేయి మీద మొదలైనది మూతపడుతుందని సిద్దిపేట బజారులో అందరూ అంటారు. దానిని ఎవరూ నమ్మకం అనరు, అనుభవం అంటారు. పొద్దున్నే దుకాణం తెరిచిన వ్యాపారి మొదటి బేరం ఎవరితో జరగాలన్నది ఆలోచించుకుంటాడు. మంచి చేయి అని పేరున్న మనిషి వీధిలో కనబడితే పిలిచి, అగ్గిపెట్టె అయినా సరే, అతనికి అమ్మి బోణీ చేయించుకుంటాడు. ఆనాటి వ్యాపారం బాగా సాగితే ఘనత ఆ చేతిది. సాగకపోతే, తరువాత వచ్చినవాళ్లలో ఎవరిదో దిష్టి. ఈ లెక్కలో చేయి ఓడిపోయే దారి లేదు.

1994 నాటికి ఆ పేరు పప్పుల వ్యాపారి భూపతిది. ఆయనకు అరవై దాటాయి. ఎనిమిది గంటలకు ఇల్లు విడిచి, కూతవేటు దూరంలో ఉన్న సొంత దుకాణానికి తొమ్మిదిన్నరకు గాని చేరేవారు కాదు. దారిలో ఏడు దుకాణాలకు బోణీ చేయాలి. ఇనుప సామాన్ల దుకాణంలో ఏళ్ల తరబడి కొన్నవన్నీ చేరి, ఆయన ఇంట్లో తలుపులకన్నా తాళాలు ఎక్కువయ్యాయి.

చెడ్డ చేయి అన్న పేరు సులోచనది. ఆమెకు ముప్పై నాలుగేళ్లు. భర్త యాదగిరి భివండీలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. ఇంటర్మీడియట్ చదివి, టైపు నేర్చుకుని, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. ఇంటి యజమానికి ఆ గది అవసరమై ఖాళీ చేయించడంతో ఎనిమిది నెలలకే అది ఆగిపోయింది. తరువాత మరొక ఆమెతో కలిసి కుట్టు శిక్షణ మొదలుపెట్టింది. ఆ రెండో ఆమె పెళ్లి చేసుకుని గజ్వేల్ వెళ్లిపోవడంతో అదీ ఆగింది. రెండింటికీ కారణాలు ఉన్నాయి. బజారుకు కారణాలు అక్కర్లేకపోయాయి. రెండు అన్న సంఖ్య సరిపోయింది.

పాత బజారులో ఒక మేడ కింది రెండు గదులలో మా పఠనమందిరం నడిచేది. సభ్యులు నూట ఇరవై నలుగురు. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక కార్యదర్శి పని నాకు అంటగట్టారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు గది తెరిచి, పత్రికలు పరిచి, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే బాధ్యత సులోచనది. అది తాత్కాలిక నియామకం. ఉగాది తరువాత జరిగే సర్వసభ్య సమావేశంలో దానిని శాశ్వతం చేయాలి, లేదా ఆపేయాలి.

"తాళాలు నా చేతికొచ్చినంక ఒక్క దినం గూడ ఈ తలుపు మూసి లేదు సార్," అన్నది ఒకసారి. "గిది గూడ పోతే నేను భివండీకి పోవుడే. ఆడ ఒక్క అర్రల ఆరుగురు మొగోళ్లు వంతులేసుకోని పండుతున్నరు. నన్ను యాడ పెట్టుకుంటడు ఆయన?"

చర్చా పుస్తకం ఆలోచన నా పాత విద్యార్థి దత్తాత్రి వల్ల వచ్చింది. అతడు హైదరాబాదులో ఒక కంప్యూటర్ కేంద్రంలో ఉద్యోగి. డిసెంబరులో వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పాడు. టెలిఫోన్ తీగలతో కలిపిన కంప్యూటర్ల మీద ఒకడు ప్రశ్న రాస్తాడు. మరో ఊళ్లో, మరో దేశంలో ఉన్నవాడు దాని కింద జవాబు రాస్తాడు. దాని కింద ఇంకొకడు. అందరూ అన్నీ చదవవచ్చు.

"అందరూ రాస్తారా?" అని అడిగాను.

"ఏడ సార్! వందమంది చదువుతరు. రాసేది పదిమందే. మిగిలినోళ్లు గోడచాటున నిలబడి ఇన్నట్టు ఉంటరు."

దీనికి తీగ అక్కర్లేదు, ఒక లావుపాటి పుస్తకం, ఒక దారం, దారానికి కట్టిన కలం చాలునని నాకు తోచింది. జనవరిలో పుస్తకం తెచ్చాము. చేతిరాత బాగుంటుందని మొదటి పుట సులోచన చేత రాయించాను. ప్రశ్న నాది: 'మానవ ప్రగతిలో విజ్ఞానశాస్త్రం నిర్వహించిన పాత్ర ఎట్టిది?'

మూడు వారాలు ఎవరూ ఏమీ రాయలేదు. చదవలేదని కాదు. మొదటి పుట అంచు వేలిముద్రలతో నల్లబడింది. వచ్చినవారు పుస్తకం తెరిచేవారు, ప్రశ్న చదివేవారు, ముందు పుటలు తిప్పి ఎవరైనా రాశారేమో చూసేవారు, మూసేవారు.

ఫిబ్రవరి చివర కార్యవర్గం కూర్చున్నప్పుడు అధ్యక్షుడు రాజలింగం ఈ ప్రస్తావన తెచ్చారు. ఆయన బట్టల దుకాణం యజమాని, పఠనమందిరం పుట్టినప్పటి నుంచి సభ్యుడు, మాట మెత్తన.

"సార్, మీరు కోపానికి రావద్దు. పుస్తకం మంచిదే. మీ ప్రశ్న గూడ మంచిదే. చెయ్యి మంచిది గాదు."

"ఎవరి చేయి?"

"నా నోటెంట పేరెందుకు సార్."

పక్కగదిలో పత్రికలు సర్దుతున్న సులోచన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "చెప్పుండ్రి సేటు. నాకు కొత్తనా?"

రాజలింగం ఇబ్బందిగా కండువా సర్దుకున్నారు. "నీ మీద నాకేం కోపమమ్మా? కష్టపడే పిల్లవే. గాని పుస్తకం నీ చెయ్యి మీద మొదలైంది, ఆగింది. రేపు పఠనమందిరమే ఆగితే? మా అక్క కొడుకు జగదీశ్వర్ డిగ్రీ చేసి ఖాళీగనే ఉన్నడు. ఉగాది తర్వాత వాణ్ని పెడుదాం. వాని చెయ్యి మంచిది."

"ఇప్పటిదాకా ఏం మొదలువెట్టిండు సేటు?" అని సులోచన అడిగింది.

"ఏం మొదలువెట్టలే."

"మరి మంచిదని ఎట్ల తెలిసింది?"

"ఏదీ మూతపడలేదు గద!"

కార్యవర్గంలో ఇద్దరు నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే రాజలింగం నవ్వులాటకు అనలేదు. చేతిలో గుణం ఉంటే అది కొలతకు దొరకాలని, కొలిచి చూద్దామని ప్రతిపాదించాను. రెండు కొత్త పుస్తకాలు. ఒకటి భూపతి చేతితో మొదలవుతుంది, ఒకటి సులోచన చేతితో. రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి. ఏది ఎంత సాగుతుందో చూద్దాం.

"మీరు ఒప్పుకుంటరా సేటు?" అన్నది సులోచన. "నా పుస్తకంల రాసినోళ్లు భూపతి సేటు పుస్తకంల రాసినోళ్లల్ల సగం కంటే తక్కువైతే, మీటింగు దాకా ఎందుకు, తాళాలు నేనే తెచ్చి మీ చేతిల పెడుత."

ఆ షరతు నేను అడగలేదు. ఆమె అనేసింది. రాజలింగం వెంటనే ఒప్పుకున్నారు.

మార్చి ఆరో తేదీ ఆదివారం సాయంత్రం భూపతి వచ్చి తన పుస్తకంలో తేదీ వేసి, నా ప్రశ్న రాసి, సంతకం పెట్టారు. కలం మూస్తూ నన్ను పక్కకు పిలిచారు.

"సార్, నా చెయ్యి సంగతి నాకే తెలువదు. మా అయ్య చెప్పిండు, బజార్ల చెప్పుకున్రు. ముప్పై ఏండ్ల సంది పొద్దుగాల ఛాయ్ వేడిగ తాగలే నేను. ముందుగాల మా దుకాణానికి రా అంటడొకడు, మా దుకాణానికి రా అంటడింకొకడు. ఒకనాడు జరమొచ్చి పండుకుంటే, మంచం కాడికే తరాజు పట్టుకోని వచ్చిన్రు!"

పక్కనే సులోచన తన పుస్తకంలో అదే తేదీ, అదే ప్రశ్న, అదే తీరుగా రాసింది.

మొదటి వారం ఫలితం ఇది. భూపతి పుస్తకంలో ఇరవై మూడు రాతలు. సులోచన పుస్తకంలో సున్న.

రాజలింగం లెక్క విని తాళాల గుత్తి వైపు చూశారు. నేను భూపతి పుస్తకం తెరిచి చదివాను. 'శుభం.' 'జయం కలుగుగాక.' 'భూపతి సేటు చేతి మీదుగా మొదలైన ఈ పుస్తకం దినదినాభివృద్ధి చెందాలి.' 'ఇట్లు, బాలయ్య, కిరాణం.' ఇరవై మూడూ అంతే. కొత్త దుకాణం ప్రారంభానికి వచ్చి, కొబ్బరి ముక్క తీసుకుని, మంచి మాట చెప్పి వెళ్లినట్టు వచ్చి వెళ్లారు. విజ్ఞానశాస్త్రం గురించి అందులో ఒక్క అక్షరం లేదు.

"ఇది చర్చ కాదు," అన్నాను.

"రాసిన్రా లేదా సార్?" అన్నారు రాజలింగం.

ఏది రాతగా లెక్కకు వస్తుందో ముందుగా నిర్ణయించకపోవడం నా తప్పు. ముప్పై ఏళ్లు ప్రయోగశాలలో పిల్లలకు చెప్పిన మొదటి పాఠం అదే. ఒప్పుకున్నాను.

అంతటితో ఆగలేదు. రెండు పుస్తకాల అట్టల నాలుగు మూలలా పసుపు కనిపించింది. ఎవరు పెట్టారని అడిగితే గది ఊడ్చే కొండవ్వ చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"నేనే పెట్టిన సారూ. కొత్త పుస్తకానికి పసుపు పెట్టకపోతే ఎట్ల?"

"అవ్వా, ఇది పరీక్ష. ఒక పుస్తకానికి ఉన్నది ఇంకోదానికి లేకపోతే లెక్క చెడిపోతుంది."

"గందుకే రెండింటికి పెట్టిన. ఒక్కదానికి పెట్టి ఒక్కదానికి పెట్టకుంటే పాపం గాదా?"

ఆ విషయంలో నాకంటే ఆమె జాగ్రత్తగా ఉన్నదని గమనించి ఊరుకున్నాను.

మరునాడు సాయంత్రం సులోచన నా బల్ల ముందు నిలబడింది. ఆమె ముఖంలో ఏడుపు లేదు, కోపం ఉంది.

"సార్, ఒక మాట అడుగుత. మీకు నా చెయ్యి పరీక్ష చేసుడు కావాల్నా, పుస్తకం నడుసుడు కావాల్నా?"

"రెండూ."

"అయితే ప్రశ్న మార్చుండ్రి. మానవ ప్రగతి అని అడిగితే మా వాడకట్టోళ్లు ఏం చెప్తరు? తప్పు రాస్తే సార్ చూస్తడని భయం. అది బడి పరీక్ష లెక్క ఉన్నది. జవాబు మీకు తెలుసు, వాళ్లకు తెలువదు. వాళ్లకు తెలిసింది, మీకు తెలువంది అడుగాలె."

"ఉదాహరణకు?"

ఆమె అప్పటికే ఆలోచించి వచ్చింది. ఒక కాగితం ముక్క ముందుకు జరిపింది. 'మీరు ఏ తరగతిలో బడి మానిన్రు? ఎందుకు? ఇప్పుడైతే చదువుతరా?'

నాకు అభ్యంతరం ఉండింది. ప్రశ్న మారిస్తే పాత లెక్క పనికిరాదు. ఆమె ఒప్పుకున్నది, పాత లెక్క పనికిరాకుంటేనే తనకు మేలన్నది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. రాజలింగాన్ని పిలిచి కొత్త నియమాలు రాసుకున్నాము. మంచి చేయి ఎన్నిసార్లయినా గెలుస్తుందన్న ధీమాతో ఆయన అడ్డు చెప్పలేదు; తాళాల షరతు మాత్రం మారలేదు. మార్చి పదమూడు నుంచి ఏప్రిల్ రెండు వరకు, మూడు వారాలు. రెండు పుస్తకాలలోనూ ఒకే ప్రశ్న. శుభాకాంక్షలు లెక్కకు రావు; ప్రశ్నకు జవాబైనా, మరొకరి జవాబుకు జవాబైనా వస్తుంది. రాయడం చేతకానివారు చెబితే సులోచన రాయవచ్చు, కింద వారి సంతకం ఉండాలి. ఎవరు ఏ పుస్తకంలో రాయాలన్నది వారి ఇష్టం కాదు: సభ్యత్వ సంఖ్య సరి అయితే భూపతి పుస్తకం, బేసి అయితే సులోచన పుస్తకం.

"మంచిదే," అన్నారు రాజలింగం. "సగం సగం. న్యాయంగున్నది."

ఆయన సంతకం పెట్టి వెళ్లిన తరువాత సులోచన సభ్యుల జాబితా తెరిచింది. మొదటి పేరు మీద వేలు పెట్టి నా వైపు చూసింది. సభ్యత్వ సంఖ్య ఒకటి: రాజలింగం.

ఇంకో పని కూడా చేశాము. ఎవరు లోపలికి వచ్చినా, సరి అయినా బేసి అయినా, సులోచన ఒకే మాట అడగాలి: "మీరు ఏ తరగతిల బడి బంద్ చేసిన్రు? ఒక్క ముక్క రాసిపోండ్రి." ఆ వాక్యం కాగితం మీద రాసి ఆమెకిచ్చి, ఒక్క మాట ఎక్కువ అనవద్దని చెప్పాను.

"నవ్వొచ్చునా సార్?"

నవ్వితే ఇరువైపులా సమానంగా నవ్వాలన్నాను.

మొదటి జవాబు భూపతి పుస్తకంలోకి వచ్చింది. సభ్యత్వ సంఖ్య పద్నాలుగు, భూపతి స్వయంగా రాశారు. 'నాలుగో తరగతి. మా అయ్య మానిపించిండు. నా చెయ్యి మంచిదని, దుకాణంల కూసుంటే గిరాకి వస్తదని. నాకు తొమ్మిదేండ్లు. ఇప్పుడైతే చదువుత.' కింద ఎనభై ఎనిమిది సంఖ్య సుగుణ రాసింది: 'ఏడు. పై బడి దౌల్తాబాద్‌లో ఉండె, నడిచి పోవాలె. మా అన్నను పంపిన్రు. వాడు ఆడ రెండుసార్లు ఫెయిలైండు.' దాని కింద మరో చేతిరాత: 'సుగుణమ్మా, మీ అన్నను నేనే. రెండుసార్లు గాదు, ఒక్కసారే.'

సులోచన పుస్తకం రెండు రోజులు ఖాళీగా ఉంది. బేసి సంఖ్యలవారు వచ్చి, పుస్తకం వైపు చూసి, "మాది ఈ పుస్తకమా?" అని నసిగి, రేపు రాస్తామని వెళ్లేవారు. మూడోరోజు మగ్గం పనిచేసే ఉప్పలయ్య వచ్చాడు. అతని సంఖ్య యాభై ఏడు.

"ఇదేనా మూతపడే పుస్తకం?" అని గట్టిగా అడిగాడు.

"ఇదే అన్నా."

"నాదేమున్నది మూతపడేటందుకు? మగ్గం ఎప్పుడో సగం మూతపడ్డది. తే కలం."

అతను రాసింది: 'ఐదో తరగతి. మగ్గానికి నూలు కండెలు చుట్టేటందుకు మనిషి లేడని మా నాయిన మానిపించిండు. సారు ఇంటికొచ్చి అడిగిండు, మా నాయిన ఇనలే. మా తరగతిల లెక్కలల్ల నేనే మొదటోన్ని. ఇప్పుడైతే చదువుత.'

మరునాడు సాయంత్రం రాజలింగం పత్రిక చదవడానికి వచ్చారు. సులోచన కాగితంలో ఉన్న వాక్యం అడిగింది. రాయను పొమ్మన్నట్టు ఆయన చేయి ఊపారు. అయినా లేవబోతూ సులోచన పుస్తకం తెరిచి చదివారు. ఆయన ఆ పుట వదలలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఉప్పలయ్య లెక్కలల్ల మొదటోడా?"

"గట్లనే రాసిండు సేటు," అన్నది సులోచన.

"అబద్ధం! ఇద్దరం ఒక్క చాప మీద కూసున్నోళ్లం. మొదటోన్ని నేను!"

"ఒక్క ముక్క రాసిపోండ్రి."

"నేను రాయ."

"మరి ఉప్పలన్న రాసిందే ఉంటది సేటు. నూటిరవై మంది చదువుతరు."

కాగితంలో లేని మాట అన్నందుకు నేను దగ్గాను. ఆమె నా వైపు చూడలేదు. రాజలింగం పుస్తకం మూసి వెళ్లిపోయారు. మరునాడు వచ్చారు, చదివారు, వెళ్లారు. ఆ తరువాతి రోజు వచ్చి, ఎవరినీ పలకరించకుండా బల్ల ముందు కూర్చుని దారానికి కట్టిన కలం అందుకున్నారు. దారం పొట్టిదై చేయి పుట చివరకు అందలేదు. సులోచన లేచి వెళ్లి, దారం విప్పి ఇచ్చింది.

'యాభై ఏడు నంబరు సభ్యునికి ఒకటో నంబరు సభ్యుడు తెలియజేయునది: లెక్కలలో మొదటి స్థానం నాది. సాక్ష్యం అంజన్న, ఇరవై మూడు నంబరు.'

ఉప్పలయ్య జవాబు మరునాడే వచ్చింది: 'సేటుకు ఎక్కాలు వచ్చు. భిన్నాలు రావు.'

ఆ వార్త బజారులో ఎంత వేగంగా పాకిందో నేను కొలవలేదు. ఇరవై మూడో సంఖ్య అంజన్న, ఆర్నెల్లుగా పఠనమందిరం గడప తొక్కనివాడు, ఆ సాయంత్రమే వచ్చాడు. 'ఇద్దరికీ రావు. ఇద్దరూ నా పలక చూసే రాసేటోళ్లు. నేను ఆరులో మానిన, మశూచి వచ్చి.' దాని కింద ముప్పై ఒకటి: 'అంజన్నా, నీకు మశూచి వచ్చింది నిజం, పలక సంగతి నిజం గాదు.' దాని కింద మరొకరు, మరొకరు. నలభై ఏళ్ల కిందటి ఒక చాప మీద కూర్చున్న ఏడుగురు మళ్లీ ఒకచోట చేరారు. వారి తగువు చదవడానికి వచ్చినవారిని సులోచన వాక్యం పట్టుకునేది. వారు తమది తాము రాసేవారు.

సరి సంఖ్యల పుస్తకంలో తగువు లేదు గాని రాతలు ఆగలేదు. ఆడవారు ఎక్కువగా అందులోనే పడ్డారు. అది సంఖ్యల వల్ల జరిగిన యాదృచ్ఛికం. యాదలక్ష్మి అనే సభ్యురాలు రాసింది: 'పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా కట్టొచ్చు. నేను కనుక్కున్న. ఒక్కదాన్నే అని ఆగిన.' దాని కింద 'నేను గూడ' అని నాలుగు చేతిరాతలు ఉన్నాయి. సులోచన ఆ పుటను, తన పుస్తకంలో 'ఇప్పుడైతే చదువుత' అని రాసినవారి పేర్లను కలిపి ఒక జాబితా తయారుచేసి నా బల్ల మీద పెట్టింది.

మూడో వారంలో ఒక సాయంత్రం రాజలింగం మళ్లీ రాశారు. ఈసారి ఎవరికీ జవాబుగా కాదు. 'ఎనిమిదో తరగతి. మా నాయిన పోయిండు. పదకొండో రోజు దుకాణం తాళాలు నా చేతిల పెట్టిన్రు. చదువుతవా అని ఎవరూ అడుగలే. ఇంతకుముందు ఈ సంగతి ఎవరికీ చెప్పలే, ఎవరూ అడుగలే గనుక.'

రాసినది మొదటి నుంచి మళ్లీ చదువుకుంటూ కూర్చున్నారు. సులోచన పత్రికలు మడిచి, దీపాలు ఒక్కొక్కటిగా ఆర్పుతూ వచ్చి, ఆయన తల మీది దీపం మాత్రం ఆర్పలేదు.

"ఎనిమిదైంది, మూస్తవా అమ్మా?" అని ఆయనే అడిగారు.

"మీరు లేచినంకనే సేటు."

"భిన్నాలు నాకు నిజంగనే రావు," అన్నారు ఆయన లేస్తూ. "వానికి చెప్పకు."

"చెప్పను సేటు. రాస్తె మాత్రం చదువుతడు."

ఏప్రిల్ రెండో తేదీ రాత్రి ఎనిమిది గంటలకు రెండు పుస్తకాలను కార్యవర్గం ముందు మూసి, దారంతో కట్టి, సంతకాలు పెట్టాము. మరునాడు భూపతి, ఉప్పలయ్యల సమక్షంలో లెక్కించాము. ప్రతి పేరునూ సభ్యుల జాబితాతో సరిచూశాము. ఫలితాన్ని ఏప్రిల్ పదిహేడో తేదీ ఆదివారం సర్వసభ్య సమావేశంలో నేను చదివాను. నివేదికలోని అంశాలు ఇవి.

భూపతి పుస్తకం: అర్హులైన సభ్యులు అరవై ఇద్దరు, రాసినవారు ముప్పై ఐదుగురు, రాతలు యాభై ఎనిమిది.

సులోచన పుస్తకం: అర్హులైన సభ్యులు అరవై ఇద్దరు, రాసినవారు ముప్పై ఆరుగురు, రాతలు ఎనభై ఒకటి. అందులో నలభై రాతలు లెక్కల మొదటి స్థానం గురించినవి.

రెండు పుస్తకాలలో కలిపి, ఇప్పుడైతే చదువుతామని రాసినవారు పంతొమ్మిదిమంది. వారిలో పదకొండుగురు రెండో గదిలో కొత్తగా మొదలయ్యే, వారానికి నాలుగు సాయంత్రాల తరగతికి పేర్లు ఇచ్చారు.

సులోచన నియామకాన్ని శాశ్వతం చేసే తీర్మానాన్ని అధ్యక్షుడు రాజలింగం ఓటుకు పెట్టారు. హాజరైనవారు ఎనభై ఆరుగురు. అనుకూలం డెబ్బై ఒకటి, వ్యతిరేకం తొమ్మిది, తటస్థం ఆరు. తీర్మానం నెగ్గింది.